గడియారమ్మ ఆపిన నలభై సెకన్లు

ఆపరేషన్ గదిలో గోడకి ఒక గడియారం ఉంది. దాన్ని ఎవరూ చూడరు. టైమెంతయిందో కావాలంటే ఆమె వంక చూస్తారు. అందుకే హాజరు పట్టీలో తప్ప ఆమె అసలు పేరు ఎక్కడా వినపడదు. సర్జన్ మొదలుకుని నేల తుడిచే మనిషి దాకా అందరికీ ఆమె గడియారమ్మే.

ఇరవై రెండేళ్ళుగా సర్జన్ కుడిచేతి పక్కన నిలబడి, ఆయన అడిగేలోపే పనిముట్టు అరచేతిలో పెట్టడం ఆమె ఉద్యోగం. మోకాలి కీళ్ళు మార్చే రోజుల్లో సిమెంటు కలిపేది కూడా ఆమే. గోడలు కట్టే సిమెంటు వేరు, ఇది వేరు. పొట్లంలో తెల్లటి పొడి ఉంటుంది, గాజు బుడ్డిలో ముక్కు అదిరే వాసన వేసే ద్రవం ఉంటుంది. ఆ రెండూ కలిసిన క్షణం నుంచి లెక్క మొదలు. మొదట మీగడలా జారుతుంది. తర్వాత వేలిని వదలని జిగురవుతుంది. కాసేపటికి పిండిముద్ద, ఆపైన రాయి. రాయయ్యే ముందు జ్వరం వచ్చిన పసిబిడ్డ ఒళ్ళులా కాలిపోతుంది. పది నిమిషాల్లో ఒక బతుకంతా బతికేస్తుంది. అందులో ఏ క్షణాన దాన్ని లోహానికి పూయాలో, ఏ క్షణాన ఎముకలోకి నొక్కాలో చెప్పేది ఆమె. "ఇప్పుడు" అంటుంది. సర్జన్ చెయ్యి కదులుతుంది.

ఇంట్లోనూ అంతే. పాలు పొంగే ముందు క్షణాన ఎక్కడున్నా పొయ్యి దగ్గర ప్రత్యక్షమయ్యేది. "పాలక్కూడా నువ్వంటే భయమే" అని నవ్వేది వదిన.

వదిన అంటే ఆమె అన్నయ్య భార్య. వీధి చివర ఇస్త్రీ కొట్టు ఆమెది. పొద్దున ఏడింటికి నిలబడితే మధ్యాహ్నం దాకా కూర్చునేది లేదు. ఇస్త్రీపెట్టె కంటే ఆమె నోరు వేడి. ఆరేళ్ళ కిందట కుడి మోకాలు అరిగిపోతే గడియారమ్మే ఒప్పించి తన ఆసుపత్రిలోనే కీలు మార్పించింది. తానే పక్కన నిలబడింది. తానే సిమెంటు కలిపింది.

మూడేళ్ళు బాగానే గడిచాయి. ఆ తర్వాత మొదలైంది నొప్పి. వింత నొప్పి. కూర్చుంటే ఉండదు, పడుకుంటే ఉండదు. లేచిన మొదటి నాలుగడుగులకీ మోకాలి కింద ఎవరో మేకు కదిపినట్టు ఉండేది. వదిన బల్ల అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ నాలుగడుగులూ దాటేది.

"వ్యాయామాలు ఎగ్గొట్టావు వదినా. కాగితం రాసిచ్చాను కదా, ఒక్కరోజన్నా చేశావా?" అని అడిగింది గడియారమ్మ అప్పట్లో.

"చేశాను తల్లీ."

"చేస్తే ఇలా ఎందుకుంటుంది? బరువు కూడా చూసుకో."

ఆ మాట అన్నయ్య చెవిన పడింది. ఆయన దాన్ని వదల్లేదు. వదిన మూలిగిన ప్రతిసారీ, "మా చెల్లి ముందే చెప్పింది. వింటేగా!" అనేవాడు, కొట్టుకొచ్చిన వాళ్ళ ముందు కూడా. అలా మూడేళ్ళు. వదిన మూలగడం మానేసింది. కుంటడం మాత్రం మానలేకపోయింది.

మూడు వారాల కిందట కొత్త ఎక్స్‌రే తీశారు. దీపం పెట్టె మీద ఫిల్ము పెట్టి సర్జన్ వేలితో చూపించాడు. మోకాలి కింది ఎముక మీద కూర్చోబెట్టిన లోహపు పలక కింద వెంట్రుకంత నల్లటి గీత ఉంది. పలక వదులైంది.

"చీము లేదు. రక్తపరీక్షలన్నీ శుభ్రంగా ఉన్నాయి. మళ్ళీ తెరిచి మార్చాల్సిందే. ఈ గీత సిమెంటుకీ ఎముకకీ మధ్య ఉందో, లోహానికీ సిమెంటుకీ మధ్య ఉందో తెరిస్తే గానీ చెప్పలేను" అన్నాడు.

వదిన ఆ గీత వంక చూసి, "ఇంత సన్నదానికా ఇంత ఏడిపించింది!" అంది.

 ఆ గీత ఎక్కడుందో గడియారమ్మకి తెలుసు. ఎముకని వదిలిన సిమెంటయితే అది కాలం చేసిన పని, అరుగుదల చేసిన పని. సిమెంటు ఎముకకి అంటుకునే ఉండి లోహం ఒక్కటే ఊడితే మాత్రం అది కలిపిన చెయ్యి చేసిన పని. జిగురుగా ఉన్నప్పుడు పూస్తే లోహాన్ని పట్టుకుంటుంది. జిగురు పోయాక ఎంత నొక్కినా పట్టినట్టే ఉంటుంది, పట్టదు.

ఆరేళ్ళ కిందటి ఆ రోజు, బల్ల మీద ఉన్నది వదిన కాబట్టి, ఆమె ఆగింది. వేలికి ఇంకా అంటుకుంటోంది, కాస్త బిగుసుకోనీ, కారిపోకుండా గట్టిగా ఉంటుందని ఆగింది. పరాయివాళ్ళకైతే ఆగేది కాదు. గోడ మీద సెకన్ల ముల్లు నలభై గీతలు దాటాక "ఇప్పుడు" అంది. అప్పటి పెద్ద డాక్టరు ఆమె మాటని వేదంలా తీసుకునేవాడు. ఆయన ఆ మర్నాడే ఆ సంగతి మరిచిపోయి ఉంటాడు. ఆమె మరిచిపోలేదు. ఫిల్ము చూసినప్పటి నుంచి నిద్రలో కూడా వేళ్ళు నలుపుకుంటూనే ఉంది.

సొంతవాళ్ళ ఆపరేషనుకి నిలబడకూడదని ఆ ఆసుపత్రిలో ఇప్పుడొక ఆనవాయితీ ఉంది. తప్పుకుంటానని చెప్పింది కూడా. వదిన ఒప్పుకోలేదు.

"నువ్వు లోపల లేకపోతే నేను బల్లెక్కను. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా? అసలు మొగుడు లోపలికి రాలేడు, సగం మొగుడన్నా ఉండాలిగా!"

సర్జన్ కూడా ఆలోచించి, "ఇలాంటి రెండోసారి మార్పిడికి పనిముట్ల పెట్టెలే ఏడుంటాయి. అవి తెలిసింది మీకొక్కరికే. నిలబడగలరా?" అని అడిగాడు.

నిలబడగలనంది.

ఆ పొద్దున వదిన వెన్నులో మత్తు సూది పడింది. నడుము కింద తిమ్మిరెక్కింది. నిద్రమందు కూడా ఎక్కించారు. ఛాతీకి అడ్డంగా ఆకుపచ్చ తెర కట్టారు. తెరకి అవతల వదిన ముఖం, మత్తు డాక్టరమ్మ. ఇవతల మోకాలు, సర్జన్, గడియారమ్మ. సాయానికి అటూ ఇటూ తిరిగే నర్సు ఒకామె.

"ఇక్కడ వణుకుతోందమ్మా పేషెంటు. కాస్త చలి తగ్గించండి" అంది మత్తు డాక్టరమ్మ కాసేపటికి. తిరుగుడు నర్సు వెళ్ళి గోడ మీద మీట నొక్కింది. తెరకి ఇవతల అందరి కళ్ళూ కోతలో ఉన్నాయి. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

సర్జన్ కీలు తెరిచాడు. తొడ వైపు లోహపు ముక్కని కదిపి చూశాడు. కొండలా ఉంది. కింది పలక అంచున పల్చటి ఉలి పెట్టి ఒక దెబ్బ వేశాడు. రెండో దెబ్బ అవసరం రాలేదు. పలక డబ్బా మూతలా పైకి లేచింది. దాన్ని తీసి ఆమె ముందున్న పళ్ళెంలో బోర్లించాడు.

అడుగున సిమెంటు రవ్వ లేదు. కడిగి ఆరబెట్టినట్టు తళతళమంటోంది.

"అరె!" అన్నాడు సర్జన్. "చూశారా? సిమెంటంతా ఎముకకే ఉంది. బ్రహ్మాండంగా పట్టింది. లోహానికి ఇంత కూడా అంటలేదు. జిగురు పోయేదాకా ఆగి పూశారు. ఎవరో గానీ ఆ మహానుభావుడు!"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. ఆమెకి ఆ వీలు కూడా లేదు. శుభ్రమైన గుడ్డ మీంచి చేతులు కదలకూడదు. తెరకి అవతల వదిన సన్నగా గురక పెడుతోంది. తిరుగుడు నర్సు కాగితం మీద ఏదో రాసుకుంటోంది. పాత రికార్డుల్లో సిమెంటు రకం ఉంటుంది, కలిపిన మనిషి పేరుండదు. ఈ క్షణం దాటిపోతే ఇక ఎప్పటికీ దాటిపోయినట్టే.

"నేనే సార్" అంది.

సర్జన్ తలెత్తాడు.

"ఆరోజు కలిపింది నేనే. ఇంకాస్త బిగుసుకోవాలని నలభై సెకన్లు ఎక్కువ ఆపాను. తొడ వైపుకి మళ్ళీ కలిపినప్పుడు ఆపలేదు. అందుకే అది గట్టిగా ఉంది."

 మాస్కు పైన సర్జన్ కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

"బయటికెళ్తారా?"

"వెళ్ళమంటే వెళ్తాను సార్. కానీ పెట్టెలు..."

"తెలుసు." ఆయన పళ్ళెంలోని పలకని ఒకసారి చూశాడు. "ఉండండి. పనిముట్లు మీరే ఇవ్వండి. సిమెంటూ మీరే కలపండి. టైము మాత్రం గోడ చెబుతుంది. సిస్టర్, కలిపిన దగ్గర్నుంచి నిమిషాలు మీరు పైకి చదవండి. రెండు నిమిషాలకి పూస్తాను."

"అలాగే సార్" అంది తిరుగుడు నర్సు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ గదిలో మనుషులు గోడ గడియారం వంక తిరిగారు.

తర్వాతి గంట పెకలించడంతోనే సరిపోయింది. ఎముకకి అంటుకున్న పాత సిమెంటు ఊరికే రాదు. చిన్న చిన్న ఉలులతో, బియ్యపు గింజంత ముక్కలుగా పెకలించాలి. గట్టిగా కొడితే ఎముక చిట్లుతుంది. ప్రతి ముక్కా పళ్ళెంలో టిక్కుమని పడుతుంటే గడియారమ్మకి అది తన పళ్ళ మీద పడుతున్నట్టుంది. అంతా పోయాక మోకాలి కింది ఎముకలో గుంట మిగిలింది. చిన్న కప్పు పట్టేంత గుంట.

"పైన అంచు పల్చబడింది. అక్కడ పట్టు దొరకదు" అన్నాడు సర్జన్, తనలో తానే. "మూడు చోట్లున్నాయి మనకి. పై అంచు, కింద వెడల్పుగా ఉన్న భాగం, ఇంకా కిందకి ఎముక గొట్టం. మూడింట్లో రెండు చోట్లన్నా గట్టి పట్టు దొరకాలి. కోన్ ఇవ్వండి."

కోన్ అంటే గరాటులాంటి లోహపు ముక్క. స్పాంజిలా నిండా రంధ్రాలే. గుంటలో బిగిస్తే కొన్ని నెలలకి ఎముక ఆ రంధ్రాల్లోకి పెరిగి దాన్ని తనలో కలిపేసుకుంటుంది. సర్జన్ దాన్ని గుంటలో దించాడు. అది కదల్లేదు. ఒక చోట పట్టు దొరికింది.

రెండోది గొట్టం. కొత్త పలక కింద పొడవాటి లోహపు కాడ ఉంటుంది. దాని చుట్టూ సిమెంటు నింపొచ్చు. నింపకుండా బిగుతుగా దిగ్గొట్టనూ వచ్చు.

"కాడకి సిమెంటు వద్దు. రేపెప్పుడైనా మళ్ళీ తీయాల్సొస్తే సగం ఎముక దాంతోనే ఊడొస్తుంది. బిగుతు మీదే నిలబెడదాం. సిమెంటు పలక అడుగునా, కోన్ లోపలా చాలు. పద్నాలుగు ఇవ్వండి."

కొలత చూడ్డానికి వాడే పద్నాలుగు మిల్లీమీటర్ల నమూనా కాడ వదులుగా గలగలమంటూ దిగింది. ఆయన అడక్కముందే ఆమె పదిహేను అందించింది. అది సగం దాకా దిగి ఆగింది. సర్జన్ సుత్తి ఎత్తాడు. టక్, టక్, టక్. ప్రతి దెబ్బకీ శబ్దం సన్నబడుతూ వచ్చి, చివరి దెబ్బకి రాతికి రాయి తగిలినట్టు పలికింది. ఆయన ఆగాడు. ఆ గొంతు మారడం ఇద్దరూ విన్నారు.

"పట్టింది" అన్నాడు.

ఇక మిగిలింది సిమెంటు. ఎముకని నీళ్ళ ధారతో కడిగి, గాజుగుడ్డతో ఒత్తి, పొడిగా ఆరబెడుతున్నారు. బిగించబోయే కొత్త పలకని తడి తగలకుండా గుడ్డలో పెట్టి ఉంచారు. రక్తం రాకుండా తొడకి బిగించిన పట్టీ విప్పాల్సిన వేళ దగ్గర పడుతోంది. విప్పితే రక్తం వస్తుంది, రక్తం వస్తే సిమెంటు పట్టదు.

"కలపండి."

ఆమె బుడ్డి విరిచింది. ద్రవం పొడిలోకి జారింది. వాసన గుప్పుమంది. గిన్నె మూతకున్న పిడి తిప్పుతోంది. "అర నిమిషం" అని చదివింది తిరుగుడు నర్సు.

అప్పుడు తెలిసింది ఆమెకి, చెమట పట్టిందని. టోపీ కింద నుదుటి మీద చుక్క కట్టింది. ఈ గదిలో ఆమెకి ఎప్పుడూ చెమట పట్టదు. కళ్ళు గోడ మీది ఉష్ణోగ్రత పెట్టె మీదికి వెళ్ళాయి. పంతొమ్మిది ఉండాల్సిన చోట ఇరవై నాలుగు ఉంది. వణుకుతోందని జాలిపడి ఎవరో వేడి పెంచారు. ఎందుకు పెంచారో ఆమెకి తెలుసు. మత్తు డాక్టరమ్మ అన్న మాట తనూ విన్నదే, పట్టించుకోలేదు.

వేడిగా ఉన్న గదిలో సిమెంటు తొందరగా ముసలిదవుతుంది.

"ఒక నిమిషం."

మూత తీసి వేలు ముంచి పైకెత్తింది. వేలికీ గిన్నెకీ మధ్య జిగురు దారం సాగింది. చాలా పొడవు సాగాల్సింది. బెత్తెడు సాగి సన్నబడుతోంది.

"సార్, ఇప్పుడు."

"ఒక నిమిషమే అయింది" అన్నాడు సర్జన్, ఎముక మీంచి చూపు తిప్పకుండా. "రెండన్నాను."

"గది వేడెక్కింది సార్. ఇరవై నాలుగుంది. ఇది రెండు దాకా ఆగదు."

"ఇంకా కారుతుందేమో. మీరు కంగారులో ఉన్నారు సిస్టర్."

కంగారులో ఉన్న మాట నిజం. ఆరేళ్ళ కిందట కంగారులో ఆలస్యం చేసింది. ఇవాళ కంగారులో తొందరపడుతోందేమో. మనసుని అడిగితే రెండు వైపులా లాగుతోంది. మనసుని వదిలేసింది. వేలినే ఆయన కళ్ళ ముందు పెట్టింది.

"గోడ వద్దు సార్, దీన్ని చూడండి. ఈ దారం తెగిపోయాక మళ్ళీ కట్టలేం."

ఆయన చూశాడు. దారం వణుకుతోంది. ఒక ఊపిరి తీసుకునేంత సేపు చూసి, చెయ్యి చాపాడు. "పలక."

పలక ఆయన చేతిలో పడేసరికి ఆమె సిమెంటుని దాని అడుగున పూస్తోంది. మూల మూలకీ, ప్రతి గాడిలోకీ వేలితో ఒత్తి పూసింది. కాడకి చుక్క తగలనివ్వలేదు. ఇంకొంత ఆయన కోన్ లోపలికి నొక్కాడు. కాడ గొట్టంలోకి దిగింది. సుత్తి దెబ్బ పడింది. అంచుల నుంచి పొంగిన సిమెంటుని ఆమె చుట్టూ గోకి తీసేసింది. "కదపకండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. మోకాలు నిటారుగా పట్టుకుని అందరూ నిలబడ్డారు. పలక వేడెక్కింది. ఆ వేడి చేతి తొడుగులోంచి ఆమె అరచేతికి వచ్చింది.

గిన్నెలో మిగిలిన ముద్దని తిరుగుడు నర్సు వేలితో తట్టింది. ఖంగుమంది. "ఆరు నిమిషాలకే రాయైపోయింది! రోజూ తొమ్మిది పడుతుంది కదూ?"

సర్జన్ గిన్నె వంక చూశాడు. తర్వాత పలకని పట్టుకుని బలంగా లాగి చూశాడు. తిప్పి చూశాడు. అది కాలుతో పాటే కదిలింది.

చేతులు కడుక్కునే చోట ఆయన ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. "ఆరేళ్ళ కిందటిది నా రిపోర్టులో రాస్తాను, రాయాలి. పేషెంటుకి మాత్రం నేను చెప్పుకుంటాను. ఒక్కోసారి ఊడతాయి, అంటాను. అబద్ధం కాదు. మీరు కల్పించుకోకండి."

"నేనూ మూడేళ్ళుగా ఏదో ఒక కారణం చెబుతూనే ఉన్నాను సార్" అంది ఆమె. "కాకపోతే తప్పు ఆవిడదని చెప్పాను."

మర్నాడు పొద్దున వార్డులో నడక నేర్పే ఫిజియో వచ్చి వదినని మంచం అంచున కూర్చోబెట్టింది. చేతికి వాకర్ ఇచ్చింది. అన్నయ్య గోడ వారగా నిలబడి ఉన్నాడు, చేతిలో నీళ్ళ సీసాతో. గడియారమ్మ డ్యూటీకి వెళ్ళకుండా వచ్చింది.

"లేవండమ్మా. బరువు మోపండి, ఫరవాలేదు."

వదిన లేచింది. అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. కళ్ళు తెరిచింది.

"ఏమైంది?" అన్నాడు అన్నయ్య.

"కోత మంట పెడుతోంది."

"మరి ఆ నొప్పి?"

వదిన మళ్ళీ ఒక అడుగు వేసి చూసుకుంది, ఎవరో తన వస్తువు తీసేశారేమోనని వెతుక్కుంటున్నట్టు. "లేదు" అంది. 

"చూశావా? ఇకనన్నా చెల్లి చెప్పినట్టు విని వ్యాయామాలు..."

"అన్నయ్యా, ఆగు" అంది గడియారమ్మ.

వార్డులో ఇంకో ముగ్గురు పేషెంట్లున్నారు. వాళ్ళూ విన్నారు. మొదటిసారి సిమెంటు తానే కలిపానని, ఆలస్యం చేశానని, అందుకే ఊడిందని చెప్పింది. వ్యాయామాలకీ బరువుకీ దీంతో సంబంధం లేదంది. "వదిన చేయాల్సిందంతా చేసింది. ఎక్స్‌రే చూసినప్పుడే నాకు తెలిసింది. మూడు వారాలు నోరు మూసుకున్నాను. అంతకుముందు మూడేళ్ళు నోరు తెరిచి తననే అన్నాను."

అన్నయ్య సీసా మూత తిప్పాడు. మళ్ళీ బిగించాడు. భార్య వంక చూశాడు. చూసి తల దించుకున్నాడు.

వదిన వాకర్ వదల్లేదు. కూర్చోలేదు కూడా.

"మూడేళ్ళు" అంది. "పక్కమీంచి లేచేముందు పళ్ళు బిగించి లేచేదాన్ని, ఈయనకి వినపడకూడదని. నిజంగానే నేను సరిగ్గా చేయట్లేదేమో అనుకుని రోజుకి రెండుసార్లు చేసేదాన్ని ఆ దిక్కుమాలిన వ్యాయామాలు. తెలుసా నీకు?"

"తెలీదు వదినా."

"తెలీదు. గడియారమ్మవిగా, అన్నీ తెలుసనుకున్నాను."

గడియారమ్మ చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి. ఏం చేయాలో వాటికి తెలియలేదు. సాయం పట్టబోయింది. వదిన మోచేత్తో అడ్డుకుంది.

"పట్టుకోకు. నేనే నడుస్తా." తలుపు దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, వెనక్కి తిరగడం ఫిజియో దగ్గర నేర్చుకుని, మెల్లగా తిరిగింది. ముఖం ఎర్రగా ఉంది. శ్రమకో కోపానికో చెప్పడం కష్టం.

"ఏవండీ, మీరు కొట్టు తెరవండి. వచ్చిన వాళ్ళందరికీ చెప్పండి, మా ఆవిడ వ్యాయామాలు ఎగ్గొట్టలేదని. మీ నోటితోనే చెప్పాలి, ఎందుకంటే ఎగ్గొట్టిందని చెప్పింది మీరే." తర్వాత ఆడపడుచు వంక తిరిగింది. "నువ్వు డ్యూటీకి పో. సాయంత్రం రా. నిన్ను తిట్టాల్సింది చాలా ఉంది, ఇప్పుడు ఓపిక లేదు. వచ్చేప్పుడు తినడానికేమన్నా పట్రా. ఈ ఆసుపత్రి తిండి తిని తిట్టడం నావల్ల కాదు."

"తెస్తాను" అంది గడియారమ్మ.

"రేపూ రావాలి. ఒక్కరోజులో అయిపోయే తిట్లు కావు."

వరండాలోకి వచ్చాక ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. లోపలి నుంచి వాకర్ చప్పుడు, దాని వెనకే అడుగు, మళ్ళీ వాకర్, మళ్ళీ అడుగు, తలుపు నుంచి మంచం దాకా వెళుతూ వినిపించాయి.